ఛాతీ నిర్మాణం వేరుగా ఉన్నవారికి ఐసీడీ అమర్చడం: మొదటి ఎక్స్‌రే నుంచి డిశ్చార్జి దాకా

ప్రాణం తీసే గుండె లయను షాక్‌తో సరిచేసే పరికరమే ఐసీడీ. ఆ కేసులు చాలావరకు ఒకే దారిలో సాగిపోతాయి. ఎడమ కాలర్ బోన్ కింద చిన్న కోత, చంక సిర గుండా లీడ్ (గుండెకు పోయే వైరు), కుడి జఠరికలో దాని కొస, చర్మం కింద జనరేటర్ (బ్యాటరీ ఉన్న పెట్టె). చేయి తిరిగిన డాక్టర్‌కు ఇది రోజువారీ పని. కానీ గుండె కుడివైపు ఉన్న మనిషి, రొమ్ము ఎముక లోపలికి గుంట పడిన కుర్రాడు, ఒక ఊపిరితిత్తి తీసేసిన పెద్దాయన, డయాలసిస్ కోసం రెండు భుజాల సిరలూ వాడేసిన అమ్మ వచ్చినప్పుడు ఆ అలవాటే ఇబ్బందుల్లోకి నెడుతుంది.

ఇలాంటి కేసుల్లో కొత్త సంగతులు టేబుల్ మీద బయటపడకూడదు. లోపలి దారి ఎలా ఉందో కోత పెట్టకముందే తెలిసి ఉండాలి. కింద చెప్పేదంతా ఆ పట్టుదలతోనే రాస్తున్నాను. ఎలక్ట్రోఫిజియాలజీ నేర్చుకుంటున్న డాక్టర్లు, క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు నా ముందున్న పాఠకులు. ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ చెప్పి ఉంటే, డాక్టర్‌ను ఏం అడగాలో తెలియడానికి కుటుంబసభ్యులూ చదవచ్చు. ఇది చదివి నేర్చుకునే పని మాత్రం కాదు. మొదటి కేసులు అనుభవం ఉన్న సీనియర్ పక్కన ఉన్నప్పుడే చేయాలి.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఐసీడీ షాక్ కొట్టినప్పుడు కరెంటు లీడ్ మీది కాయిల్‌కూ (షాక్ ఇచ్చే లోహపు చుట్టకూ) జనరేటర్ పెట్టెకూ మధ్య ప్రవహిస్తుంది. ఆ రెండింటి మధ్య ఎడమ జఠరిక కండరం ఎంత ఎక్కువ వస్తే షాక్ అంత బాగా పనిచేస్తుంది. మామూలు ఛాతీలో ఎడమ భుజం కింద జనరేటర్ పెడితే ఇది దానంతట అదే కుదిరిపోతుంది. నిర్మాణం మారినప్పుడు దాన్ని మనమే కుదర్చాలి. మిగతా నిర్ణయాలన్నీ ఈ లెక్క నుంచే పుడతాయి.

అడుగు 1: పాత కాగితాలు, చొక్కా విప్పించి చూడటం

చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయినవారి దగ్గర పాత డిశ్చార్జి సమ్మరీ తప్పకుండా అడిగి తెప్పించుకోండి. "గుండెకు రంధ్రం ఉంటే మూసేశారు" అని ఇంట్లోవాళ్లు చెప్పే మాట వెనుక ఫాంటాన్ (సిరల రక్తాన్ని నేరుగా ఊపిరితిత్తులకు మళ్లించే ఆపరేషన్) ఉండవచ్చు, మస్టర్డ్ (కర్ణికల్లో రక్తం దారి మార్చే ఆపరేషన్) ఉండవచ్చు, ట్రైకస్పిడ్ (కుడి కర్ణికకూ కుడి జఠరికకూ మధ్య కవాటం) స్థానంలో లోహపు కవాటం ఉండవచ్చు. ఫాంటాన్ అయితే భుజం సిర నుంచి జఠరికకు దారే ఉండదు. లోహపు ట్రైకస్పిడ్ కవాటం గుండా లీడ్ వేయకూడదు. ఈ రెండు విషయాలు ఆపరేషన్ రోజు తెలిస్తే ఆ రోజు వృథా, పేషెంట్‌కు ప్రమాదం.

తరువాత ఛాతీని కళ్లతో చూడండి. రొమ్ము మధ్యలో గుంట, వెన్ను వంకర, పాత కుట్ల మచ్చలు, రేడియేషన్ ఇచ్చిన చోట బిగిసిపోయిన చర్మం, రొమ్ము తీసేసిన వైపు పల్చబడిన కండ. భుజం మీద, ఛాతీ పైభాగంలో సిరలు ఉబ్బి వంకరటింకరగా కనబడితే లోపల పెద్ద సిర మూసుకుపోయిందని అనుమానించాలి. మనిషి చేసే పని కూడా అడగండి. ధాన్యం బస్తాలు ఎడమ భుజాన మోసే హమాలీకి పాకెట్ (జనరేటర్ పెట్టే చోటు) భుజానికి దగ్గరగా చేస్తే, కొన్నాళ్లకు ఆ చర్మం ఒరుసుకుపోతుంది.

అడుగు 2: ఈసీజీ, ఎక్స్‌రే, ఎకో, అవసరమైతే సీటీ

ఈసీజీలో లీడ్ 1లో పీ తరంగం తలకిందులుగా ఉంటే రెండు కారణాలు ఉండవచ్చు. చేతుల వైర్లు అటూఇటూ మారి ఉండాలి, లేదా గుండె కుడివైపు ఉండాలి. ఛాతీ లీడ్లు చూస్తే తేలిపోతుంది. వైర్లు మారితే వీ1 నుంచి వీ6 దాకా ఆర్ తరంగం మామూలుగానే పెరుగుతుంది. గుండె కుడివైపు ఉంటే ఎడమకు పోయేకొద్దీ అది చిన్నదైపోతుంది.

ఛాతీ ఎక్స్‌రే ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీయించండి. కుడి, ఎడమ గుర్తు ఫిల్మ్ మీద ఉందో లేదో స్వయంగా చూసుకోండి. పొట్టలోని గాలి బుడగ ఎటువైపు ఉందో, కాలేయం ఎటుందో కూడా గమనించండి. గుండె ఒక్కటే కుడికి జరిగిందా, అవయవాలన్నీ అద్దంలో బొమ్మలా తిరగబడ్డాయా అన్నది ఇక్కడే మొదట తెలుస్తుంది. రెండింటికీ ప్లాన్ వేరు.

ఎకోలో నేను మొదట వెతికేది కరొనరీ సైనస్ (గుండె సిరల రక్తం కుడి కర్ణికకు చేరే మార్గం) వెడల్పు. అది ఉబ్బి ఉంటే ఎడమ సుపీరియర్ వీనా కావా (ఎస్‌వీసీ, పైభాగం నుంచి రక్తం తెచ్చే పెద్ద సిర) మిగిలిపోయి ఉండవచ్చు. పుట్టకముందు అందరికీ ఉండే ఈ ఎడమ సిర మామూలుగా మూసుకుపోతుంది. సుమారు 0.3 నుంచి 0.5 శాతం మందిలో అలాగే ఉండిపోతుంది. పుట్టుకతో గుండె లోపం ఉన్నవారిలో ఇంకా ఎక్కువ. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు కాబట్టి లీడ్ వేసే రోజు దాకా ఎవరికీ తెలియదు.

దీన్ని ముందే పట్టుకోవడానికి ఖరీదైన పరీక్ష అక్కర్లేదు. ఎడమ చేతి సిరలో సూది పెట్టి, త్రీ-వే ద్వారా రెండు సిరంజిల మధ్య సెలైన్‌ను కొంచెం గాలితో అటూఇటూ వేగంగా తోసి, బుడగలు సన్నబడ్డాక లోపలికి ఇచ్చి ఎకోలో చూడాలి. బుడగలు ముందు కరొనరీ సైనస్‌లో మెరిసి, తరువాత కుడి కర్ణికలోకి వస్తే ఎడమ ఎస్‌వీసీ ఉన్నట్టే. ఆ తరువాత కుడి చేతి నుంచీ ఇదే చేయండి. అప్పుడు కూడా ముందు కరొనరీ సైనసే నిండితే కుడి ఎస్‌వీసీ లేదని అర్థం. బుడగలు నేరుగా ఎడమ కర్ణికలో కనబడితే అక్కడే ఆగండి. ఆ దారిలో లీడ్ వేస్తే దాని మీద పుట్టే గడ్డ మెదడుకు పోగలదు. కుడి నుంచి ఎడమకు రంధ్రం ఉందని ముందే తెలిసినవారికి ఈ బుడగల పరీక్ష సీనియర్‌ను అడిగే చేయాలి.

గుండెకు ఇదివరకే ఆపరేషన్ అయినవారికి, రొమ్ము గుంట లోతుగా ఉన్నవారికి, వెన్ను బాగా వంగినవారికి సిరల దశ కూడా ఉండేలా సీటీ తీయించండి. రొమ్ము గుంటకు హాలర్ ఇండెక్స్ లెక్కిస్తారు. ఛాతీ అడ్డం కొలతను, రొమ్ము ఎముక నుంచి వెన్నుపూస దాకా ఉన్న కొలతతో భాగిస్తే వచ్చే సంఖ్య అది. మామూలుగా 2.5 దగ్గర ఉంటుంది. 3.25 దాటితే గుంట తీవ్రమైనదని పరిగణిస్తారు. మనకు ఆ సంఖ్య కంటే, గుండె ఎంత ఎడమకు జరిగింది, ఎంత తిరిగింది అన్నది ముఖ్యం. సెప్టమ్ (రెండు జఠరికల మధ్య గోడ) ఏ కోణంలో ఉందో సీటీలో కొలిచి కాగితం మీద రాసుకుంటే, ఫ్లోరోలో (టేబుల్ మీద కదిలే ఎక్స్‌రేలో) ఏ కోణంలో చూడాలో ముందే తెలిసిపోతుంది.

అడుగు 3: ఏ పరికరం?

1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌లో మిషెల్ మిరోవ్‌స్కీ బృందం మొదటిసారి మనిషికి ఐసీడీ అమర్చినప్పుడు ఛాతీ తెరవాల్సి వచ్చింది, జనరేటర్‌ను పొట్టలో పెట్టారు. ఇప్పుడు మన ముందు నాలుగు దారులున్నాయి: సిర గుండా, చర్మం కింద, రొమ్ము ఎముక వెనుక, గుండె బయటి ఉపరితలం మీద. ఏది ఎంచుకోవాలన్నా ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి.

పేషెంట్‌కు పేసింగ్ (పరికరం చిన్న కరెంటుతో గుండెను కొట్టించడం) కావాలా? గుండె నెమ్మదించేవారికి, సీఆర్‌టీ (రెండు జఠరికలనూ కలిపి కొట్టించే పేసింగ్) అవసరమైనవారికి, వేగంగా పేస్ చేస్తే ఆగిపోయే వీటీ (జఠరికల్లో పుట్టే గుండెదడ) ఉన్నవారికి చర్మం కింద పెట్టే ఎస్-ఐసీడీ ఒక్కటే చాలదు. అది షాక్ తరువాత 30 సెకన్ల పాటు మాత్రమే పేస్ చేస్తుంది. సిర దారి ఉందా, అది జఠరికకు చేరుతుందా? గుండెలో కుడి నుంచి ఎడమకు రంధ్రం ఉందా?

పేసింగ్ అక్కర్లేక, సిరల దారి కష్టమైతే ఎస్-ఐసీడీ నా మొదటి ఎంపిక. అమెరికాలో 2012లో అనుమతి పొందిన ఈ పరికరం గుండెను, రక్తనాళాలను ముట్టుకోదు. 2020లో వచ్చిన ప్రెటోరియన్ ట్రయల్‌లో అనవసర షాకులు, పరికరం వల్ల వచ్చే ఇబ్బందులు కలిపి చూస్తే సిర గుండా వేసే ఐసీడీకి ఇది తీసిపోలేదు. అయితే ముందు స్క్రీనింగ్ తప్పదు. పడుకోబెట్టి, నిలబెట్టి మూడు వెక్టర్లూ (పరికరం గుండె సిగ్నల్‌ను చదివే దిశలు) చూడాలి. ఒకే వెక్టర్ అన్ని భంగిమల్లోనూ పాసవ్వాలి. గుంట ఛాతీకి, పుట్టుకతో గుండె లోపం ఉన్నవారికి రొమ్ము ఎముకకు ఎడమ పక్కన ఫెయిలైతే కుడి పక్కన కూడా ప్రయత్నించండి. ఎడమన చూసి "పనికిరాడు" అని రాసేస్తే, ఆ మనిషికి ఉన్న మంచి అవకాశం అక్కడితో పోయినట్టే.

రొమ్ము ఎముక వెనుక లీడ్ పెట్టే పద్ధతికి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది. అది వీటీని పేస్ చేసి ఆపగలదు. కానీ ఇదివరకే రొమ్ము ఎముక కోసినవారికి ఆ దారి కాదు. ఫాంటాన్ అయినవారికి, లోహపు ట్రైకస్పిడ్ ఉన్నవారికి పేసింగ్ కూడా కావాలంటే సర్జన్ గుండె బయటి ఉపరితలం మీద లీడ్లు, కాయిల్ అమర్చాల్సి వస్తుంది. దాన్ని వెనకబాటుగా చూడవద్దు.

అడుగు 4: ముందురోజు, ఆ రోజు ఉదయం

వార్ఫరిన్ మీద ఉండి, గడ్డల ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి దాన్ని ఆపి హెపారిన్ ఇవ్వడం మేలు చేయదు. 2013 బ్రూయిజ్ కంట్రోల్ ట్రయల్‌లో హెపారిన్ ఇచ్చినవారిలో 16 శాతం మందికి పాకెట్‌లో రక్తం గడ్డకట్టింది. వార్ఫరిన్ కొనసాగించినవారిలో అది 3.5 శాతమే. యాంటీబయాటిక్ సెఫజోలిన్ అయితే కోతకు ముందు గంటలోపు ఇవ్వాలి.

బయటి డీఫిబ్రిలేటర్ ప్యాడ్లు గుండె ఉన్న చోటును బట్టి అంటించాలి. గుండె కుడివైపు ఉంటే ప్యాడ్లు కూడా అద్దంలోలా మారాలి. రొమ్ము గుంట సరిచేయడానికి నస్ కడ్డీ వేసినవారికి కడ్డీ ఎక్కడుందో ఎక్స్‌రేలో చూసి, కరెంటు దారికి అడ్డు రాకుండా ప్యాడ్లు వేయండి. అలాంటివారికి ఛాతీ నొక్కాల్సి వస్తే ఎక్కువ బలం కావాలని టీమ్‌లో అందరికీ ముందే చెప్పండి. గూని ఉన్నవారికి భుజాల కింద, తల కింద మెత్తలు సర్ది, మెడ వేలాడకుండా చూసుకున్నాకే మత్తు మొదలవ్వాలి.

అడుగు 5: లీడ్ చేరవేయడం

*ఎడమ ఎస్‌వీసీ.* ముందు తెలియకపోతే ఇక్కడ తెలుస్తుంది. గైడ్‌వైర్ వెన్నుపూసను దాటి కుడికి రావాల్సింది పోయి, ఎడమ అంచు వెంబడే నిలువుగా కిందికి జారుతుంది. ధమనిలో పడ్డామేమోనని టెన్షన్ వస్తుంది. సూదిలోంచి వచ్చిన రక్తం రంగు, ఒత్తిడి చూసి, కొంచెం కాంట్రాస్ట్ ఇచ్చి సిర అని నిర్ధారించుకోండి. పెద్ద షీత్ (లీడ్ వెళ్లే గొట్టం) అప్పుడే వేయవద్దు. అదే కాంట్రాస్ట్‌లో ఎడమ, కుడి ఎస్‌వీసీలను కలిపే అడ్డ సిర ఉందేమో వెతకండి. ఉంటే, లీడ్ వెళ్లేంత వెడల్పు ఉంటే, వైర్‌ను దాని గుండా కుడికి తిప్పుకోవచ్చు. అప్పుడు మిగతా పనంతా మామూలే.

లేకపోతే కరొనరీ సైనస్ గుండానే వెళ్లాలి. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. సైనస్ నోట్లోంచి బయటపడిన లీడ్ కొస కుడి కర్ణిక పక్క గోడ వైపు చూస్తుంది. ట్రైకస్పిడ్ దాని వెనుక వైపు ఉండిపోతుంది. నేరుగా తోస్తే ఎన్నిసార్లు తోసినా అది జఠరికలోకి పోదు. స్టైలెట్‌కు (లీడ్ లోపలి సన్నటి తీగకు) పెద్ద గుండ్రటి వంపు ఇచ్చి, లీడ్‌ను కర్ణిక పక్క గోడకు ఆనించి, ఆ గోడనే ఆసరాగా చేసుకుని ఒక ఉచ్చు తిప్పితే కొస వెనక్కి మళ్లి కవాటం వైపు చూస్తుంది. అప్పుడు స్టైలెట్ కొంచెం వెనక్కి లాగుతూ లీడ్‌ను ముందుకు పోనివ్వాలి. ఇది రాకపోతే వంచగల షీత్ వాడండి. సైనస్ గోడ పల్చన. గట్టి స్టైలెట్ కొస దాకా పెట్టి అందులో తోయవద్దు.

స్క్రూ ఉన్న లీడ్ తప్పనిసరి, పొడవు కూడా మామూలు కంటే ఎక్కువ కావాలి. నా వరకు ఒకే కాయిల్ ఉన్న లీడ్‌నే ఇష్టపడతాను. రెండో కాయిల్ సైనస్‌లోనో ఎడమ ఎస్‌వీసీలోనో పడుతుంది, రేపు తీయాల్సి వస్తే కష్టం. బిగించే ముందు పక్క నుంచి ఒకసారి చూడండి. కొస ముందువైపు, రొమ్ము ఎముక వైపు ఉండాలి. వెనక్కి ఉంటే గుండె సిర కొమ్మలో ఇరుక్కుందేమో అనుమానించాలి. పేషెంట్‌తో గట్టిగా ఊపిరి పీల్పించి, ఉచ్చు పూర్తిగా సాగిపోకుండా లీడ్ వదులు ఉంచండి.

కుడి ఎస్‌వీసీ ఉంటే కుడివైపు నుంచి వేయడం కూడా ఒక దారే. గుండె ఎడమన ఉన్నప్పుడు జనరేటర్ కుడివైపు పెడితే షాక్‌కు ఎక్కువ శక్తి పట్టే అవకాశం ఉంది, ఆ సంగతి తెలిసే నిర్ణయించాలి.

*కుడివైపు గుండె.* అవయవాలన్నీ తిరగబడి ఉంటే జనరేటర్ కుడి ఛాతీలో పెట్టాలి. ఎడమన పెడితే కరెంటు దారిలోకి ఎడమ జఠరిక సరిగా రాదు. ఫ్లోరో బొమ్మను అడ్డంగా తిప్పుకుంటే కంటికి అలవాటైన గుండె కనిపిస్తుంది. కానీ చేతికి ఆ సౌకర్యం లేదు. మామూలుగా గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పితే సెప్టమ్ వైపు పోయే కొస, ఇక్కడ అటు పోవాలంటే ముల్లు తిరిగే వైపు తిప్పాలి. గ్యాంట్రీ (ఎక్స్‌రే యంత్రం) కోణాలూ తారుమారే. మామూలుగా ఎడమ వాలు కోణంలో చూసేది ఇక్కడ కుడి వాలులో చూడాలి. బొమ్మ తిప్పిన వెంటనే మానిటర్ అంచున ప్లాస్టర్ అంటించి "తిప్పినది" అని రాయించండి. పని అయ్యాక దాన్ని మళ్లీ మామూలుగా మార్చే బాధ్యత ఒక టెక్నీషియన్‌కు పేరు పెట్టి అప్పగించండి.

గుండె కుడివైపు ఉండి మిగతా అవయవాలు మామూలుగా ఉంటే, లోపల ఇంకేదో లోపం ఉండే అవకాశం ఎక్కువ. సిరల రక్తం చేరే జఠరిక నిర్మాణంలో ఎడమ జఠరిక అయి ఉండవచ్చు. దాని గోడలు నున్నగా ఉంటాయి, స్క్రూ లేని లీడ్ అక్కడ నిలవదు.

*గుంట ఛాతీ.* కుడి జఠరిక రొమ్ము ఎముకకూ వెన్నుకూ మధ్య నలిగి, ఎడమకు జరిగి ఉంటుంది. అలవాటైన కోణంలో "అపెక్స్" అనిపించేది అపెక్స్ (జఠరిక కొన) కాకపోవచ్చు. సీటీలో రాసుకున్న కోణం ఇప్పుడు తెరిచి, లీడ్ కొసను సెప్టమ్‌కే బిగించండి, ముందు గోడకు వద్దు. ఎస్-ఐసీడీ అయితే లీడ్ గుంట మీదుగా వంతెనలా వేలాడకూడదు. టన్నెల్ ఎముక వంపును అనుసరించి, అడుగున కొవ్వు మిగలకుండా పోవాలి. ఇలాంటివారిలో చాలామంది బాగా సన్నగా ఉంటారు. జనరేటర్‌ను పక్కటెముకల మీది సెర్రేటస్, వీపు వైపు లాటిసిమస్ కండరాల మధ్య పెడితే చర్మం మీద ఒత్తిడి తగ్గుతుంది, షాక్ దారీ బాగుంటుంది.

*ఒక ఊపిరితిత్తి, వంగిన వెన్ను.* ఊపిరితిత్తి తీసేసిన వైపే సూది గుచ్చాలి. మిగిలిన ఒక్క ఊపిరితిత్తికి గాలి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఉన్న ఊపిరితిత్తి వైపే వెళ్లక తప్పకపోతే, సెఫాలిక్ సిరను కోసి తెరిచి లీడ్ వేయండి. వెన్ను వంగినవారిలో మొదటి పక్కటెముక, చంక సిర ఉండాల్సిన చోట ఉండవు. అల్ట్రాసౌండ్‌తో సిరను చూస్తూ గుచ్చడం నేర్చుకున్నవారికి ఇక్కడ ఆ శ్రమ ఫలిస్తుంది.

*మూసుకుపోయిన సిరలు.* ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరకు కలిపిన చోటు) ఉన్న వైపు లీడ్ వేయకండి. డయాలసిస్ మీద ఉన్నవారికి పేసింగ్ అక్కర్లేకపోతే ఎస్-ఐసీడీ ఆ సిరలను రేపటికి మిగులుస్తుంది.

అడుగు 6: కొలతలు, షాక్ పరీక్ష

ఆర్ తరంగం కనీసం 5 మిల్లీవోల్ట్‌లు, పేసింగ్ 0.5 మిల్లీసెకన్ల దగ్గర 1 వోల్ట్ లోపు రావాలి. రాకపోతే చోటు మార్చండి. "రేపటికి సర్దుకుంటుందిలే" అనుకోవద్దు.

సిర గుండా వేసిన ఐసీడీని టేబుల్ మీదే వీఎఫ్ (జఠరికలు కొట్టుకోకుండా వణికే లయ) తెప్పించి పరీక్షించడం ప్రతి ఒక్కరికీ అవసరం లేదని 2015 సింపుల్ ట్రయల్ చూపించింది. ఆ ఫలితాన్ని ఇక్కడికి తెచ్చుకోవద్దని నా గట్టి అభిప్రాయం. ఆ ట్రయల్ ఎడమవైపు, మామూలు దారిలో వేసినవారి మీద జరిగింది. జనరేటర్ కుడివైపు ఉన్నా, గుండె జరిగినా, ఛాతీలో లోహపు కడ్డీ ఉన్నా షాక్ పనిచేస్తుందని పరీక్షించాకే పాకెట్ మూయాలి. గుండెలో గడ్డ ఉంటే, రక్తపోటు నిలబడకపోతే మాత్రం వాయిదా వేయండి.

సిర గుండా వేసినదైతే పరికరం ఇవ్వగల గరిష్ఠ శక్తికి కనీసం 10 జౌల్స్ తక్కువలో వీఎఫ్ ఆగాలి. ఎస్-ఐసీడీని 65 జౌల్స్‌తో పరీక్షిస్తారు, అసలు సమయంలో అది 80 ఇస్తుంది. ఆగకపోతే ముందు లీడ్, జనరేటర్ స్థానం చూడండి. తరువాత పోలారిటీ తిప్పి చూడండి. అప్పటికీ కాకపోతే, సిర దారిలో వేసినవారికి అజైగస్ సిరలో ఇంకో కాయిల్ వేస్తే అది గుండె వెనుకకు చేరి కరెంటును ఎడమ జఠరిక గుండా లాగుతుంది. చర్మం కింద వీపు వైపు కాయిల్ వేయడం ఇంకో మార్గం. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య గుండె తేరుకునే సమయం ఇవ్వండి.

అడుగు 7: ప్రోగ్రామింగ్, డిశ్చార్జి

ముందుజాగ్రత్తగా అమర్చినవారికి షాక్ జోన్‌ను తొందరపడేలా పెట్టవద్దు. 2012 మాడిట్-ఆర్‌ఐటీ ట్రయల్‌లో నిమిషానికి 200 పైబడిన వేగానికే స్పందించేలా పెట్టినవారిలోనూ, ఆలస్యంగా స్పందించేలా పెట్టినవారిలోనూ అనవసర చికిత్సలు తగ్గాయి, మరణాలూ తగ్గాయి. పుట్టుకతో గుండె లోపం ఉన్న కుర్రవాళ్లకు పరుగెత్తినప్పుడు, కర్ణికల్లో గుండెదడ వచ్చినప్పుడు వేగం బాగా పెరుగుతుంది. వాళ్లకు ఇది మరీ ముఖ్యం.

మర్నాడు రెండు కోణాల్లో ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మ్ కాపీ పేషెంట్ చేతికే ఇవ్వండి. ఐసీడీ కార్డుతో పాటు ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి ఇవ్వండి: గుండె ఎటువైపు ఉంది, లీడ్ ఏ దారిలో వెళ్లింది, ఏ వైపు సిరల్లో సూది గుచ్చకూడదు, అత్యవసరంలో ప్యాడ్లు ఎక్కడ అంటించాలి. ఊళ్లో రాత్రిపూట 108 సిబ్బంది వచ్చినప్పుడు గుండె కుడివైపు ఉందని వాళ్లకు ఎవరు చెబుతారు? ఇంట్లో కనీసం ఇద్దరికి ఆ కాగితం ఎక్కడుందో తెలిసి ఉండాలి, ఒకటి ఫోన్‌లో ఫొటోగా ఉండాలి.

ఒక షాక్ వచ్చి మనిషి బాగుంటే అదే రోజు డాక్టర్‌కు ఫోన్ చేయాలని, వరుసగా రెండు వచ్చినా, ఒక్కదానికే స్పృహ తప్పినా వెంటనే ఆసుపత్రికి రావాలని ఇంట్లోవాళ్లకు విడమరచి చెప్పండి. సన్నటి ఛాతీ ఉన్నవారికి పాకెట్ మీది చర్మం ఎర్రబడటం, పల్చబడి మెరవడం, అంచు పొడుచుకువచ్చినట్టు కనిపించడం చూపించి వివరించండి. అలా కనబడితే పసుపు, ఆయింట్‌మెంట్ రాయకుండా, ఎవరితోనూ సూదితో నీరు తీయించకుండా, నేరుగా అమర్చిన చోటికే రావాలి. చర్మం తెరుచుకోకముందు వస్తే పాకెట్‌ను కండరం కిందికి మార్చి పరికరాన్ని కాపాడే వీలుంటుంది. తెరుచుకుంటే ఇన్ఫెక్షన్ చేరినట్టే లెక్క, లీడ్‌తో సహా మొత్తం తీయాల్సి వస్తుంది. ఇంత కష్టపడి వెతికిన దారిలో వేసిన లీడ్‌ను తీయడం వేయడం కంటే చాలా కష్టం.